మా ఇంట ధ్వని వలయం

తెలుగు బోధించేవారు ధ్వనిని గూర్చి వ్యాసం వ్రాశారనగానే చదువరులకు ఆనందవర్ధనుడు స్ఫురించడం సహజం. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరదేశాన ఆ మహనీయుడు ధ్వన్యాలోకం రచించి, కావ్యానికి ధ్వనియే ఆత్మ అని ప్రతిపాదించాడు. ఏటా తరగతిలో ఆ పాఠం చెప్పేవారమే అయినా, ఈ వ్యాసంలో మేము ప్రస్తావించే ధ్వని అది కాదు. ఇది వాచ్యార్థంలోని ధ్వని. గాలిలో పుట్టి, గాలిలో నడిచి, గోడకు తగిలి మళ్ళీ వచ్చే ధ్వని. సరిగా అందనప్పుడు నలుగురున్న ఇంటిలోనే ఒక మనిషిని ఒంటరిని చేసే ధ్వని. దానిని అంకెలుగా మార్చి, కంప్యూటర్లను కలిపే తీగల మీద నడిపించి, నంద్యాలలోని మా పాత ఇంటి గదిలో చలనచిత్రశాల వంటి శబ్దాన్ని ఏర్పరచుకొన్న వృత్తాంతమిది. సాహిత్యాధ్యాపకులకు ఈ యంత్ర వ్యవహారంతో ఏమి పని అని మా సహాధ్యాపకులు కొందరు ఇప్పటికే పరిహాసమాడారు. పని ఉన్నదనే మా మనవి.

ప్రేక్షకుని చుట్టూ శబ్దం వినిపించాలనే కోరిక నిన్న మొన్నటిది కాదు. 1931లోనే ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లీన్ అనే ఇంజనీరు, తెర మీద పాత్ర ఎడమ నుంచి కుడికి నడిస్తే మాట కూడా అట్లే నడవాలని తలచి, రెండు మార్గాల శబ్దానికి పేటెంటు కోరాడు. 1940లో వాల్ట్ డిస్నీ సంస్థ 'ఫాంటాసియా' చిత్రాన్ని కొన్ని ఎంపిక చేసిన థియేటర్లలో బహుమార్గ శబ్దంతో ప్రదర్శించింది. మన తెలుగులో 1986లో వచ్చిన 'సింహాసనం' తొలి 70 ఎంఎం చిత్రం. ఆరు మార్గాల శబ్దంతో వచ్చింది. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్' చిత్రంతో డాల్బీ వారి డిజిటల్ శబ్దం థియేటర్లకు చేరింది. తెర వద్ద ఎడమ, మధ్య, కుడి అని మూడు మార్గాలు. ప్రేక్షకునికి ఇరుపక్కల కొంచెం వెనుకగా రెండు. మేఘగర్జనల వంటి మంద్ర శబ్దానికి మరొకటి. ఆరవది 120 హెర్ట్జులకు లోబడిన శబ్దాన్ని మాత్రమే మోస్తుంది గనుక దానిని పూర్తి మార్గంగా లెక్కించక, మొత్తాన్ని ఐదు పాయింట్ ఒకటి అంటారు. ఈ అమరికనే ఇంటిలో చేసుకొంటే అది హోమ్ థియేటర్. బజారులో దీనిని అమ్మేవారు కిటికీ అద్దాలు అదురుతాయని గొప్పగా చెబుతారు. అద్దాలు అదరడం ఒక సుగుణమెట్లా అయిందో మాకు బోధపడలేదు.

మాకు కావలసినది అదురు కాదు, మాట.

మా అబ్బా దాదాపు 30 ఏళ్ళు మైకుసెట్టు అద్దెకిచ్చే దుకాణం నడిపారు. పెండ్లిండ్లు, ఉరుసులు, వినాయక చవితి పందిళ్ళు, ఎన్నికల సభలు, ఈద్గాలో పండుగ నమాజు, వీటన్నింటికీ ఆయన హారన్లే కట్టేవారు. జీపు మీద హారను ప్రక్కన కూర్చొని గంటల తరబడి ఊరంతా తిరిగిన రోజులున్నాయి. ఆ చాకిరీకి చెవులు మూల్యం చెల్లించాయి. వయస్సుతో వచ్చే వినికిడి లోపమూ, పెద్ద శబ్దం వల్ల వచ్చే లోపమూ రెండూ పై స్థాయి స్వరాలనే ముందుగా దెబ్బతీస్తాయి. ఇక్కడ తెలుగు వ్యాకరణం మాకు కొంత అక్కరకు వచ్చింది. అచ్చులలోని నాదం తక్కువ స్థాయిలో ఉంటుంది; శ, ష, స అనే ఊష్మాలలోని శబ్దశక్తి ఎక్కువ భాగం 3 వేలు, 4 వేల హెర్ట్జులకు పైన ఉంటుంది. కావున చెవి మందగించినవారికి మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నాడో తెలియదు. మేము 'సరే' అంటే ఆయనకు 'అరే' అని వినిపించేది. కన్నతండ్రి చెప్పిన ప్రతి పనికీ కొడుకు 'అరే' అంటున్నాడని ఆయన కొన్నాళ్ళు మనస్తాపం చెందారు కూడా. వైద్యులు చెవి యంత్రం ఇచ్చారు. ఎదుటివారి మాటతో పాటు పంకా రొద, గిన్నెల చప్పుడు సమంగా పెరుగుతున్నవని ఆయన దానిని అల్మారాలో పెట్టారు.

సాయంకాలం ఇంటిల్లపాది టెలివిజన్ ముందు కూర్చొనే అలవాటు మా ఇంట చిరకాలంగా ఉన్నది. అబ్బాకు పాత చిత్రాలంటే ప్రాణం. ఏ చిత్రంలో ఏ సంభాషణ ఎవరు వ్రాశారో చెప్పగలవారు. శబ్దం పెంచుమంటారు. పెంచితే మాటతో పాటు వాద్యాలు, వాన, గుర్రపు డెక్కలు అన్నీ పెరుగుతాయి. మా అమ్మీ తలపట్టుకొంటారు. ఉమ్మడి గోడకు అవతలి ఇంటివారు మర్యాదస్తులు గనుక నోరు తెరచి అనరు గాని, వారి పసిపాప లేచి ఏడ్చిన సవ్వడి మాకు వినిపిస్తుంది. తగ్గిస్తే అబ్బా లేచి వరండాలోకి వెళ్ళిపోతారు. క్రమంగా పిలవకముందే వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. నవ్వులు లోపల, ఆయన బయట. రెండేళ్ళు ఇట్లా గడిచాయి.

హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవుల్లో వచ్చినప్పుడు ఈ సంగతి గమనించి ఒక మాట అన్నాడు. సినిమాలో సంభాషణ చాలావరకు మధ్య మార్గంలోనే ఉంటుందట. టెలివిజన్ తనకున్న రెండు చిన్న స్పీకర్లలో ఆరు మార్గాలనూ కలగలిపి పోస్తుంది. కలిపిన తరువాత పాలను నీళ్ళను విడదీయలేము. కలపకముందే పట్టుకొంటే మాటను మాత్రమే పెంచవచ్చు. చుట్టూ శబ్దం అనే విలాసం మా ఇంటికి ఈ అవసరం వెంట వచ్చింది.

ఇందుకు సామాన్యమైన మార్గం ఒకటి ఉన్నది. ఏవీ రిసీవరు అనే పెట్టెను కొని, దాని నుంచి ఒక్కొక్క స్పీకరుకు ఒక్కొక్క తీగ లాగడం. చాలా ఇళ్ళకు అదే చాలును. ఖర్చు తక్కువ, చికాకు తక్కువ. ఈ వ్యాసం చదివి ఎవరైనా మా దారిన పోదలచుకొంటే ముందుగా ఈ మాట గుర్తుంచుకోవాలని మనవి. మాకు అది కుదరకపోవడానికి రెండు కారణాలు. మొదటిది మా ఇల్లు. రెండడుగుల మందాన రాతిగోడలు, నాపరాళ్ళ గచ్చు. మేకు దిగదు, గాడి తీయరాదు. రెండవది అబ్బా కుర్చీ. గదిలో అందరికీ ఒక మధ్య మార్గం, ఆయన చెవి దగ్గర అదే మధ్య మార్గం మరొక విధంగా వినిపించాలి. మేము చూచిన రిసీవర్లలో ఆ సదుపాయం లేదు.

అప్పుడు మా తమ్ముడు ప్రస్తావించినదే వలయం మీద శబ్దం. కంప్యూటర్లను కలపడానికి 1973లో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రభృతులు రూపొందించిన ఈథర్నెట్ అనే తీగ వ్యవస్థ ఇప్పుడు ప్రతి కార్యాలయంలోనూ ఉన్నది. ఆ తీగ మీద ఉత్తరాలు, చిత్రాలు పోయినట్లే శబ్దం కూడా పోవచ్చునని 1996లో పీక్ ఆడియో అనే సంస్థ కోబ్రానెట్ అనే పద్ధతితో నిరూపించింది. ఆ తరువాత 2006లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఆడినేట్ సంస్థ ఏర్పడి, డాంటే అనే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. ఇటలీ మహాకవి పేరు ఒక తీగల వ్యవస్థకు పెట్టారని విని మేము మొదట విస్తుపోయాము. నరకం, పాపక్షాళన లోకం, స్వర్గం అనే మూడు మజిలీలు ఆ కవి కావ్యంలో ఉన్నవి. ఈ పనిలో మూడింటినీ మేము చూచాము గనుక ఇప్పుడు పేరు సార్థకమే అనిపిస్తున్నది. వివిధ పద్ధతులు పరస్పరం మాట్లాడుకొనేందుకు 2013లో ఏయీఎస్ 67 అనే ఉమ్మడి ప్రమాణం కూడా వచ్చింది. ఇవన్నీ మొదట ఆకాశవాణి వంటి ప్రసార కేంద్రాలకు, సభామందిరాలకు, క్రీడా ప్రాంగణాలకు ఉద్దేశించినవి. ఇంటి గదికి తెచ్చుకోవడం మా వంటి అవసరార్థుల పని.

శబ్దం తీగ మీద ఎట్లా పోతుంది? సెకండుకు 48,000 సార్లు ధ్వని తరంగం ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 24 బిట్ల అంకెగా వ్రాస్తారు. గుణిస్తే ఒక మార్గానికి సెకండుకు 11 లక్షల 52 వేల బిట్లు. ఎనిమిది మార్గాలైనా 92 లక్షల పైచిలుకే. సాధారణమైన ఈథర్నెట్ తీగ సెకండుకు 10 కోట్ల బిట్లు మోయగలదు. గృహావసరానికి వాడే స్విచ్చులు 100 కోట్లు. అంటే ఎద్దుల బండిలో ఆవాల మూట. తీగ ఒక్కటే 100 మీటర్ల దాకా పోవచ్చును, ఎంత దూరం పోయినా అంకె అంకెగానే ఉంటుంది. మామూలు స్పీకరు తీగలో దూరం పెరిగేకొద్దీ శక్తి తగ్గుతుందని అబ్బాకు మాకంటె బాగా తెలుసు.

కష్టం బరువులో లేదు, కాలంలో ఉన్నది. ఆరు స్పీకర్ల వద్ద ఆరు పరికరాలు ఈ అంకెలను మళ్ళీ శబ్దంగా మారుస్తాయి. ప్రతిదానిలోనూ ఒక చిన్న స్ఫటిక గడియారం ఉంటుంది. రెండు గడియారాల మధ్య పది లక్షలకు 50 పాళ్ళ తేడా ఉన్నదనుకొందాము. కంటికి అది తేడాయే కాదు. కాని గంట గడిచేసరికి 180 మిల్లీసెకండ్ల ఎడం వస్తుంది. ఎడమ స్పీకరు ఒక మాట అనేసరికి కుడి స్పీకరు ఇంకా వెనుకటి మాటలో ఉంటుంది. కనుక వలయంలో ఒక పరికరాన్ని నాయకునిగా ఎన్నుకొని, మిగిలినవన్నీ దాని గడియారాన్ని అనుసరిస్తాయి. ఇందుకు ఐ ట్రిపుల్ ఈ 1588 అనే ప్రమాణం 2002లో వచ్చింది. నాయకుడు ఎప్పటికప్పుడు వేళ చెబుతాడు. అనుచరులు ఆ కబురు దారిలో ఎంతసేపు పట్టిందో కూడా లెక్కవేసి తమను సవరించుకొంటారు. ఒకదానికొకటి మైక్రోసెకండు ప్రమాణంలో కలిసి నడుస్తాయి.

ఈ భాగం అబ్బాకు వివరించవలసి వచ్చినప్పుడు మాకు జమాఅత్ నమాజు స్ఫురించింది. ముందు ఇమాం సాహెబు, వెనుక బారులు. ఆయన తక్బీరు చెప్పగానే అందరూ కదులుతారు. జనం ఎక్కువై వెనుక బారులకు వినిపించనప్పుడు నడుమ ఒకరు ముకబ్బిరుగా నిలిచి ఆ మాటనే మళ్ళీ పలుకుతారు. మైకులు రాకముందు పెద్ద ఈద్గాలలో అదే పద్ధతి. ఇమాముకు ఏదైనా ఆటంకం కలిగి తొలగవలసివస్తే వెనుక నుంచి ఒకరు ముందుకు వచ్చి నమాజు పూర్తి చేయిస్తారు. ఈ వలయంలోనూ నాయక పరికరం తీగ ఊడితే మరొకటి తనంతట తానే నాయకత్వం స్వీకరిస్తుంది. అబ్బా విని, "ఇది అర్థమైంది బేటా, నువ్వు ఇందాక చెప్పిన అంకెలు నాకెందుకు?" అన్నారు. ఛందస్సు బోధించే మాకు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అన్నంతవరకే కాలగణనం తెలుసు. సెకండును 48 వేల మాత్రలు చేసి ఒక్కటీ తప్పనివ్వని ఆ గణవిభజన ముందు మా యతిప్రాసలు చిన్నబోయాయి.

అమరిక ఇది. ప్రక్కగదిలో ఒక పాత కంప్యూటరు, దాని పంకా రొద ఇవతలికి రాకుండా. అది మా వద్ద ఉన్న డిస్కులలోని ఆరు మార్గాలను విడదీసి, డాంటే సాఫ్టువేరు ద్వారా తీగ మీదికి పంపుతుంది. టెలివిజన్ క్రింద ఒక స్విచ్చు, వెనుక గోడ దగ్గర మరొకటి. రెండింటినీ కలుపుతూ జంపఖానా అంచున ఒకే ఒక సన్నని తీగ. గోడకు మేకు లేదు, గచ్చుకు గాడి లేదు. ఈ స్విచ్చులు శబ్దంతో పాటు విద్యుత్తును కూడా అదే తీగలో ఇస్తాయి. అరచేతిలో ఇమిడే నాలుగు చిన్న పరికరాలు, ఒక్కొక్కటి రెండేసి మార్గాలను అంకెల నుంచి శబ్దంగా మారుస్తాయి. అక్కడి నుంచి ఆంప్లిఫయరు, స్పీకరు. ఒక్కొక్క పరికరం పది వేల రూపాయలకు పైమాటే. మేమూ మా తమ్ముడూ చెరిసగం భరించాము. అమ్మీకి మాత్రం అసలు వెల ఇప్పటికీ చెప్పలేదు.

మొదటి వారం నరకమే. పది నిమిషాలు చక్కగా వినిపించి, ఉన్నట్టుండి టిక్కు టిక్కుమని, ఒక క్షణం మూగబోయి, మళ్ళీ వచ్చేది. స్పీకర్లు మార్చాము, తీగలు మార్చాము. చివరకు మా తమ్ముడు ఫోనులోనే కారణం పట్టాడు. వెనుక గోడ దగ్గర పెట్టిన స్విచ్చులో విద్యుత్తు పొదుపు చేసే గుణం ఉన్నది. తీగ మీద రాకపోకలు పలుచబడగానే అది కునుకు తీస్తుంది; లేచేందుకు పట్టే స్వల్పకాలం ఉత్తరాలకు లెక్కలోనిది కాదు గాని, గడియారం కబుర్లకు ప్రాణాంతకం. ఆ గుణాన్ని ఆపివేసే ఏర్పాటు ఆ స్విచ్చులో లేదు, దాని పెట్టె మీద ఆ హెచ్చరికా లేదు. పొదుపు గుణాన్ని ఆపగల వేరొక స్విచ్చు తెప్పించగానే టిక్కులు మాయమైనాయి. గాలిలో పోయే వైఫై మీద ఈ పద్ధతి నిలకడగా నడవదని పరికరాల తయారీదారులే చెబుతారు. రెండడుగుల రాతిగోడలున్న ఇంటిలో చెప్పనే అక్కరలేదు.

ఆ తరువాత బొమ్మకూ మాటకూ పొత్తు. నేటి టెలివిజన్ బొమ్మకు మెరుగులు దిద్దేందుకు కొంత సమయం తీసుకొంటుంది. మా శబ్దం ముందే వచ్చి నిలబడేది. పెదవి కదలకముందే మాట వినిపిస్తే మనసు వెంటనే పసిగడుతుంది; ఆలస్యంగా వస్తే కొంత సహిస్తుంది. దూరాన చాకలి బండపై గుడ్డ ఉతికితే దెబ్బ కనిపించిన తరువాతనే చప్పుడు వినిపించడం మనకు పుట్టుకతో అలవాటు గదా! అంతర్జాతీయ ప్రమాణాలు చెప్పే లెక్క కూడా ఇంతే: శబ్దం 45 మిల్లీసెకండ్లు ముందైతే పట్టుబడుతుంది, వెనుకైతే 125 దాకా పట్టుబడదు. కంప్యూటరులో శబ్దాన్ని 80 మిల్లీసెకండ్లు ఆపి పంపితే మా టెలివిజన్‌తో పొత్తు కుదిరింది.

ఇక అబ్బా కుర్చీ. ఈ వ్యాసానికి మూలం అదే.

కుర్చీ తెరకు 13 అడుగుల దూరాన ఉన్నది. దాని ప్రక్కన, ఆయన చెవికి రెండడుగులలో ఒక చిన్న స్పీకరు పెట్టి, ఏడవ మార్గంగా మధ్య మార్గం నకలును పంపాము. మాట స్పష్టంగా వినిపించింది. కాని ఆయన ముఖం చిట్లించారు. "బొమ్మ అక్కడ, మనిషి ఇక్కడ. నా భుజం మీద కూర్చొని మాట్లాడుతున్నాడు" అన్నారు. మా తమ్ముడు శబ్దం తగ్గించి చూడుమన్నాడు. తగ్గిస్తే మాట పోతుంది.

అబ్బా కొంతసేపు మౌనంగా ఉండి, ఈద్గా సంగతి ఎత్తారు. ముందు ఒక హారను, 200 అడుగుల వెనుక ఇంకొక హారను కట్టేవారట. తీగలో పోయిన మాట రెండు హారన్లలోనూ ఒక్కసారే పలుకుతుంది. కాని వెనుక నిలిచినవారికి దగ్గరి హారను ముందు వినిపించి, సెకండులో ఆరవ వంతు తరువాత దూరపు హారను వినిపిస్తుంది. ఖుత్బాలోని ప్రతి మాటా రెండుసార్లు. "వెనుక హారనును కాస్త ఆగమని చెప్పగలిగితే బాగుండునని ప్రతి పండుగకూ అనుకొనేవాడిని. దానికి చెప్పే దారి మా దగ్గర లేదు. గొంతు తగ్గించి, మూతి ప్రక్కకు తిప్పేవాణ్ణి. అంతే." తరువాత మమ్ము చూచి, "మీ అంకెలు ఆగుతాయా?" అని అడిగారు.

ఆగుతాయి. అంకెలకు ఆగడమే వచ్చు. మా ఊరి ఉష్ణంలో శబ్దం సెకండుకు సుమారు 350 మీటర్లు నడుస్తుంది. 13 అడుగులు రావడానికి 11 మిల్లీసెకండ్లు, రెండడుగులకు రెండు కూడా పట్టదు. అంటే కుర్చీ స్పీకరు తెర కంటె 9 మిల్లీసెకండ్లు ముందు పలుకుతున్నది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక విశేషం వెల్లడించాడు. ఒకే శబ్దం రెండు దిక్కుల నుంచి స్వల్ప వ్యవధిలో వస్తే చెవి వాటిని ఒక్కటిగానే వింటుంది. ముందు వచ్చిన దిక్కు నుంచే వచ్చిందని భావిస్తుంది. 5 మొదలు 30 మిల్లీసెకండ్ల వ్యవధిలో రెండవది 10 డెసిబెల్స్ వరకు బిగ్గరగా ఉన్నా ఈ భ్రమ చెదరదు. మా అబ్బా కోరినది సరిగా ఇదే. ఏడవ మార్గాన్ని 20 మిల్లీసెకండ్లు, అనగా 960 కొలతలు ఆపాము. తెర నుంచి మాట ముందుగా వచ్చి దిక్కును చెబుతుంది. వెనువెంటనే కుర్చీ స్పీకరు వచ్చి అర్థాన్ని చెబుతుంది. ఆనందవర్ధనుని పేరు ఎత్తబోమని మొదట అన్నాము గాని, ఒక శబ్దం దిక్కును సూచించి మరొకటి భావాన్ని స్ఫురింపజేయడం చూచినప్పుడు ఆ మాట నిలుపుకోవడం కష్టంగా ఉన్నది.

ఆ చిన్న స్పీకరుకు ఆంప్లిఫయరు ఏది పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, అబ్బా లేచి వెళ్ళి అటక మీది నుంచి దుకాణం నాటి పాత ఆంప్లిఫయరును దింపించారు. ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన ఇనుప పెట్టె. ధూళి తుడిచి, కెపాసిటర్లు రెండు మార్పించాము. దానికి బాసు, ట్రెబులు అని రెండు మీటలు ఉన్నవి. ఎన్నో సభలలో ఉపన్యాసకుని గొంతు కీచుమనకుండా ఆయన అదుపు చేసిన మీటలు అవి. ఇప్పుడు ట్రెబులు మీటను తన చెవి కోసం ఆయనే కొంచెం కొంచెం కుడికి త్రిప్పారు. తెర మీద ఎవరో ఎవరికో బదులు చెప్పారు. అబ్బా చేయి మీట మీదనే ఉంచి, "సరే అన్నాడు" అన్నారు.

ఇంకెవరూ ఏమీ అనలేదు. చిత్రం ముగిసేవరకు ఆయన లేవలేదు. నడుమ ఇషా అజాన్ అయినప్పుడు మాత్రం అన్ని మార్గాలనూ ఒకేసారి ఆపే మీట నొక్కించి, నమాజు ముగించి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చొన్నారు.

ఇంటిలో ఇటువంటి ఏర్పాటు తగునా అని మా పెద్దవారిలో ఒకరిద్దరు ఆక్షేపించారు. వారితో వాదించే వయస్సు మాది కాదు. అదే పెట్టెలో తెల్లవారుజామున అమ్మీ ఖుర్ఆన్ పఠనం వింటారు. అప్పుడు ముందరి రెండు స్పీకర్లతో పాటు కుర్చీ స్పీకరు కూడా పలుకుతుంది. రాత్రి తొమ్మిది తరువాత మంద్ర శబ్దపు మార్గాన్ని తుంచివేస్తాము. లోతైన శబ్దమే గోడలు దాటేది, మాట దాటదు. అవతలి ఇంటి పసిపాప ఇప్పుడు నిద్రపోతున్నదని వారి అమ్మగారే చెప్పారు.

లోపాలు లేవని కాదు. 2012లో 'బ్రేవ్' చిత్రంతో వచ్చిన డాల్బీ ఆట్మాస్, పైకప్పు నుంచి కూడా శబ్దం కురిపించేది, మా పాత కంప్యూటరుకు లొంగదు. అంతర్జాలంలో చందా కట్టి చూచే చిత్రాలు చాలావరకు కంప్యూటరుకు రెండు మార్గాలే ఇస్తాయి. అప్పుడు మధ్య మార్గాన్ని ఉజ్జాయింపుగా ఊహించుకోవలసిందే. పాత తెలుగు చిత్రాలకు అసలే ఒకే మార్గం. చిత్రమేమంటే అబ్బాకు ఆ ఒకే మార్గపు చిత్రాలే ఎక్కువ ఇష్టం. వాటిలో వాద్యాలు మాటకు దారి ఇచ్చి ప్రక్కకు తొలగేవట. వాటికి కూడా కుర్చీ స్పీకరు పనికివస్తున్నది గాన మా శ్రమ వృథా కాలేదు.

నాలుగు పరికరాలకు రెండేసి చొప్పున ఎనిమిది మార్గాలు గదా, ఏడు వాడుకలో ఉన్నవి. ఎనిమిదవది ఖాళీ. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి అమ్మీ, వంటింట్లో పని చేసుకొంటూ తానూ వింటానని, ఆ ఖాళీ దానిని అటు మళ్ళించుమని అడుగుతున్నారు. 40 అడుగుల తీగ తెచ్చి ఉంచాము. వంటింటి గడప నుంచి టెలివిజన్ దాకా ఎన్ని అడుగులో మొన్న ఆదివారం అబ్బా టేపు పెట్టి కొలిచారు. దానిని ఎన్ని మిల్లీసెకండ్లు ఆపాలో లెక్క కట్టి, అంకె ఒక కాగితం మీద వ్రాసి మా బల్ల మీద పెట్టారు. రంజాన్ ముగిసిన తరువాత బిగించాలి.